నియోస్కోనాను ఆరేనియస్ నుంచి వేరుచేసే గాడి

ఉష్ణమండల ఆఫ్రికాలో చక్రాకారపు వల అల్లే సాలీళ్లను గుర్తించాలనుకునేవారు ముందుగా రంగును నమ్మడం మానుకోవాలి; నియోస్కోనా ప్రజాతిలో ఒకే జాతి సాలీళ్లు సైతం వేర్వేరు రంగుల్లో, పొట్టపై వేర్వేరు మచ్చలతో కనిపిస్తాయి. అసలు గుర్తు తల, రొమ్ము కలిసిపోయిన ముందు భాగం నడుమ ఉంటుంది: అక్కడి సన్నని గాడి శరీరం పొడవు వెంట నిలువుగా సాగితే అది నియోస్కోనా, ఆడ సాలీడులో అడ్డంగా ఉంటే ఆరేనియస్ అనే మరో ప్రజాతి అయ్యే అవకాశం ఎక్కువ. నూగు దానిని కప్పేస్తుంది కాబట్టి పక్క నుంచి వెలుతురు పడేలా టార్చి పట్టుకుని, భూతద్దంతో చూడండి.

జాతి పేరు దాకా వెళ్లాలంటే మాత్రం ఆడదాని పొట్ట అడుగున ఉండే జననాంగ పలకను చూడక తప్పదు. 1986లో సాలీళ్ల శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ గ్రాస్‌హాఫ్ ఆఫ్రికా నియోస్కోనాలను పునఃపరిశీలించినప్పుడూ ముఖ్యాధారం జననాంగాల నిర్మాణమే. రాత్రివేళ సాలీడు వల మధ్యలో కూర్చున్నప్పుడు అవతలి వైపు నుంచి కూడా ఒక ఫొటో తీస్తే, దానిని పట్టుకోకుండానే అడుగుభాగం కనిపిస్తుంది. పిల్ల సాలీళ్లలో ఆ పలక పూర్తిగా ఏర్పడదు కనుక వాటిని ప్రజాతి పేరుతోనే నమోదు చేయండి.