‘ఎందాకా?’ అంటే పూర్తి వివరం చెప్పక్కర్లేదు

బయట పెరిగిన పిల్లలు సెలవులకు ఊరొస్తుంటే కొన్ని మాటలు ముందే చెప్పి ఉంచండి. వీధిలో పెద్దవాళ్లు ‘ఎందాకా?’ అనడం ఉత్త పలకరింపే. ‘ఇక్కడిదాకే తాతయ్యా’ అంటే చాలు. బయల్దేరేవాళ్లని ‘ఎక్కడికి?’ అని అడిగితే అపశకునమని చాలామందికి పట్టింపు, అందుకే ఇలా అడుగుతారు. ‘భోంచేశావా?’ కూడా పలకరింపే, కానీ తినలేదంటే మాత్రం వడ్డించేదాకా వదలరు! సెలవు తీసుకునేటప్పుడు ‘వెళ్తా’ అనకుండా ‘వెళ్లొస్తా’ అనమనండి. ఇక ‘నీకేమైనా బుద్ధుందా?’ అంటే జవాబు ఇవ్వకూడదు. అక్కడ వినిపించేది కోపం. కాసేపు ఊరుకుని, ఏం తప్పు జరిగిందో తర్వాత నెమ్మదిగా అడిగితే వాళ్లే చెబుతారు.