ఎకరం గోధుమ వేస్తే ఎంత మిగులుతుంది? విత్తే ముందే లెక్క తేల్చుకోవడం ఎలా?

మద్దతు ధర ప్రకటించిన మర్నాడు పేపర్లో ఒక పట్టిక వస్తుంది. 2026–27 మార్కెటింగ్ సీజన్‌కు గోధుమ మద్దతు ధర క్వింటాకు 2,585 రూపాయలు, సాగు ఖర్చు 1,239 రూపాయలు. అంటే ఖర్చు మీద 109 శాతం లాభం. ఆ పట్టికలో మరే యాసంగి పంటకూ అంత శాతం లేదు. ఆదిలాబాద్‌లోనో జహీరాబాద్ వైపో రెండెకరాలున్న రైతు అది చూసి గోధుమ మీద మనసు పడితే తప్పేం లేదు. కానీ విత్తనం కొనే ముందు సొంత లెక్క ఒకటి వేసుకోవాలి.

ఎందుకంటే ఆ 1,239 దేశం మొత్తానికి సగటు. ఎకరానికి 18–20 క్వింటాళ్లు తీసే పంజాబ్ లాంటి రాష్ట్రాల పంట కూడా అందులో ఉంది. పైగా అందులో చేతి ఖర్చు, ఇంటి మనుషుల కష్టం ఉన్నాయి గానీ సొంత భూమికి కౌలు విలువ లేదు. మొత్తం భూమికి కౌలు కట్టే రైతుకు ఆ అంకె అసలే కుదరదు.

1. పొలం ఎప్పుడు ఖాళీ అవుతుందో చూడండి

డబ్బు లెక్క కన్నా ముందు తేదీ లెక్క. మన వైపు చలి తక్కువ రోజులే ఉంటుంది. నవంబర్‌లో విత్తితే ఫిబ్రవరి ఎండలు ముదిరే లోపు గింజ పాలు పోసుకుంటుంది. సోయా అక్టోబర్‌లో కోసేస్తారు కాబట్టి ఆ పొలం గోధుమకు సరిపోతుంది. పత్తి ఏరడం డిసెంబర్, జనవరి దాకా సాగుతుంది. ఆ తర్వాత గోధుమ వేయాలనుకోకండి, విత్తనం ఎంత మంచిదైనా గింజ నిండదు. 2022 మార్చిలో ఎండలు ముందే ముదిరితే ఉత్తరాదిలోనే గింజ ముడుచుకుపోయింది. మన దగ్గర ఆ ముప్పు ఏటా ఉంటుంది.

2. ఎకరం ఖర్చు కాగితం మీద పెట్టండి

కింది రేట్లు ఒక ఉదాహరణ మాత్రమే. మీ ఊళ్లో ట్రాక్టర్, కూలి, హార్వెస్టర్ రేట్లు ఎంత ఉంటే అవి రాసుకోండి.

- దుక్కి, రోటవేటర్, సీడ్ డ్రిల్‌తో విత్తడం: 4,500
- విత్తనం 40 కిలోలు: 1,800
- డీఏపీ ఒక బస్తా, యూరియా రెండు బస్తాలు, పొటాష్ అర బస్తా: 2,750
- కలుపు మందు, పిచికారీ కూలి: 1,200
- అయిదు తడులకు మనిషి కూలి: 2,000
- హార్వెస్టర్: 2,500
- సంచులు, హమాలీ, రవాణా: 1,250

మొత్తం 16,000 రూపాయలు. తెలంగాణలో వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి బోరు కింద కరెంటు ఖర్చు రాయలేదు. డీజిల్ ఇంజన్ అయితే లెక్క మొత్తం మారిపోతుంది. తడులు మీరే కట్టుకుంటే 2,000 జేబులోంచి పోవు, కానీ ఆ వరస కొట్టేయకండి. రాత్రి కరెంటుకి లేచి మోటారు వేయడం కూడా పనే!

విత్తనం దగ్గర కొంత ఆదా ఉంది. గోధుమ హైబ్రిడ్ కాదు, తనలో తనే పరాగసంపర్కం చేసుకునే పంట. ఒకసారి మంచి విత్తనం కొంటే రెండు మూడేళ్లు సొంత గింజే వాడుకోవచ్చు, మొలక శాతం చూసుకుంటే చాలు. లోక్‌-1 రకం మన వైపు రైతులకు పాత పరిచయం. పుణేలో అభివృద్ధి చేసిన మ్యాక్స్‌ 6222 లాంటి రకాలు దక్కన్ వాతావరణం కోసమే వచ్చాయి. పంజాబ్ రకాలు తెచ్చి ఇక్కడ వేయకండి.

నీళ్లు తక్కువైతే ఏ తడి వదిలేయాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. విత్తిన 20–25 రోజులకు మొదలు దగ్గర కొత్త వేళ్లు పుడతాయి, పిలకలు అప్పుడే మొదలవుతాయి. ఆ తడి, పూత దశలో తడి ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పకూడదు. మిగతా వాటిలో సర్దుకోవచ్చు.

3. పెట్టుబడి ఎన్ని క్వింటాళ్లకు తిరిగొస్తుందో చూడండి

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇదే. మొత్తం ఖర్చును మీకు వస్తుందనుకునే ధరతో భాగించండి. ధర దగ్గర మద్దతు ధర రాయకండి. పంజాబ్, హర్యానా, మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వం పెద్ద ఎత్తున గోధుమ కొంటుంది. మన దగ్గర వరికి ఉన్నట్టు గోధుమకు ఊరూరా కొనుగోలు కేంద్రాలు ఉండవు. కాబట్టి వ్యాపారి ఇచ్చే ధర రాయండి. 2,500 అనుకుందాం.

16,000ను 2,500తో భాగిస్తే 6.4. అంటే ఆరున్నర క్వింటాళ్లు పండితే పెట్టుబడి చేతికొస్తుంది. 8 పండితే 4,000 మిగులు, 10 పండితే 9,000, 12 పండితే 14,000.

ఇప్పుడు కౌలు కలపండి. యాసంగికి ఎకరం 8,000 కట్టారనుకుంటే ఖర్చు 24,000 అవుతుంది, పెట్టుబడి రావడానికే 9.6 క్వింటాళ్లు కావాలి. 10 పండితే మిగిలేది వెయ్యి రూపాయలు, 8 పండితే 4,000 నష్టం. ఒకే ఊళ్లో, ఒకే దిగుబడితో, సొంత భూమి రైతు పర్వాలేదంటాడు, కౌలు రైతు అప్పులో పడతాడు. కౌలు భూమిలో గోధుమ వేయమని నేనైతే ఎవరికీ చెప్పను.

గడ్డి మీద వచ్చే డబ్బు కలుపుకోవచ్చా? ఉత్తరాదిలో గోధుమ భూసాకు, అంటే నూర్చాక మిగిలే గడ్డి పొట్టుకు, మంచి గిరాకీ. మన వైపు పశువులకు జొన్న చొప్ప, వరిగడ్డి అలవాటు. కొనే మనిషి ముందే దొరికితే రాయండి, లేకపోతే సున్నా.

4. పక్కనే శనగ లెక్క కూడా వేయండి

సోయా తీసిన నల్లరేగడిలో గోధుమకు అసలు పోటీ శనగే. అదే సీజన్‌కు శనగ మద్దతు ధర 5,875. ఎకరానికి 6 క్వింటాళ్లు పండి 5,500 వచ్చినా 33,000 రూపాయలు. ఖర్చు రెంటికీ ఒకటే అనుకున్నా, 10 క్వింటాళ్ల గోధుమ కన్నా శనగకే 8,000 ఎక్కువ వస్తుంది. నీళ్లు కూడా తక్కువే పడతాయి. మరి గోధుమ ఎందుకు? ఏటా శనగే వేసిన చేలో ఎండు తెగులు పెరుగుతుంది, అలాంటి చోట పంట మార్చక తప్పదు. అందుకని మొత్తం పొలం కాకుండా అరెకరమో ఎకరమో గోధుమకు వదలడం తెలివైన పని.

5. ఎవరికి అమ్ముతారో విత్తే ముందే అనుకోండి

ఇంట్లో తినే గింజకు వ్యాపారి ధర కట్టకండి, కిరాణా కొట్టు ధర కట్టండి. మీకు మిగిలేది అదే కదా. రోజూ రొట్టె తినే ఇంటికి అరెకరం గోధుమ ఈ లెక్కన ఎప్పుడూ గిట్టుబాటే.

మిగతాది జల్లించి, బాగుచేసి, తెలిసిన ఇళ్లకు నేరుగా అమ్మితే క్వింటాకు 3,500 దాకా వచ్చిందనుకోండి. 5 క్వింటాళ్ల మీద 5,000 అదనం. జల్లెడ కూలి, సంచులు, పాడుగింజ తీసేసినా 4,000 నిలుస్తుంది. పది క్వింటాళ్ల రైతుకు ఇది చిన్న మొత్తం కాదు. ధర పెరుగుతుందని ఏడాదంతా దాచిపెట్టడం మాత్రం జూదం. 2022 మే 13న కేంద్రం ఎగుమతులు ఆపేసింది. ఆ తర్వాత ధర ఎగబాకినప్పుడల్లా ప్రభుత్వ గోదాముల నుంచి గోధుమ మార్కెట్లోకి వదులుతూ వచ్చింది.

బీదర్, మహారాష్ట్ర సరిహద్దులో ఖప్లీ గోధుమకు మంచి రేటు పలుకుతుందని విని కొందరు అటు చూస్తున్నారు. దాని గింజకు పొట్టు అంటుకుని ఉంటుంది, దంచి తీయాలి, తూకం తగ్గుతుంది, పంట కాలం కూడా ఎక్కువ. పొట్టు తీసే మిల్లు దగ్గర్లో ఉందో లేదో కనుక్కున్నాకే విత్తనం వెతకండి.