పిల్లల ఫోను, ఇంట్లో పాత స్టీరియో

ఇంట్లో మంచి ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు ఉన్నా పిల్లలు ఇయర్‌బడ్స్ తోనే పాటలు వింటుంటారు. మన రికార్డులు వినిపించి మెప్పించాలని చూడకండి, ముందు వాళ్ల పాటనే ఆ స్పీకర్లలో మోగనివ్వండి.

ఒకవైపు ఫోను హెడ్‌ఫోన్ జాక్‌లో పెట్టే 3.5 ఎంఎం పిన్ను, రెండోవైపు ఆర్‌సీఏ అనే ఎర్ర, తెల్ల పిన్నులు రెండు ఉండే కేబుల్ మీటరున్నరది చాలు. ఎర్రది కుడికి, తెల్లది ఎడమకి, ఆంప్లిఫయరు వెనక ఆక్స్ లేదా సీడీ అని రాసి ఉన్నచోట గుచ్చాలి. ఫోనుకు హెడ్‌ఫోన్ జాక్ లేకపోతే అడాప్టర్ కావాలి. ఆంప్లిఫయరు వాల్యూమ్ సున్నాలో ఉంచి, ఫోనుది ముప్పాతిక దాటించి, తర్వాత ఆంప్లిఫయరుది మెల్లగా పెంచండి.

అసలు కిటుకు స్పీకర్లు పెట్టడంలో ఉంది. అలమరాలో పక్కపక్కన ఇరికిస్తే స్టీరియో తెలియనే తెలియదు. రెంటి మధ్య 6 అడుగుల ఎడం, వెనక గోడకు అడుగు దూరం, ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్ భాగం) చెవి ఎత్తులో. కుర్చీ ఒక్కో స్పీకర్‌కి 6 అడుగుల దూరంలో వేయండి. పాడేవాళ్లు ఎదురుగా, రెండు స్పీకర్ల నడుమ నిలబడి పాడుతున్నట్టే ఉంటుంది. ఇయర్‌బడ్స్‌లో దొరకనిది ఇదే, పిల్లలు ఆగి వినేదీ ఇక్కడే. గొంతు నడుమ నిలవక బాస్ పలచబడితే ఒక స్పీకర్ వైర్లు ప్లస్, మైనస్ తారుమారైనట్టు.

ఫోనో అని రాసి ఉన్నచోట మాత్రం గుచ్చకండి. అది రికార్డు ప్లేయర్ ఇచ్చే అతి చిన్న సిగ్నల్ కోసం, ఫోను పెడితే శబ్దం పగిలిపోతుంది.