బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఎక్కడ పుడతాయో అక్కడే ఆపడం

నలుగురైదుగురు డెవలపర్లు, ఒక టెస్టరు, వ్యాపారులతో మాట్లాడే మనిషి ఒకరు: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న టీమ్ అంటే దాదాపు ఇంతే. కస్టమర్ దగ్గర తప్పు బయటపడగానే అందరి వేళ్ళూ టెస్టర్ వైపే తిరుగుతాయి. కానీ ఖరీదైన తప్పులు ఎక్కువగా పుట్టేది పని టీమ్‌లోకి వచ్చేటప్పుడు, తయారైన పని కస్టమర్‌కి వెళ్ళేటప్పుడు. ఈ రెండు గుమ్మాల దగ్గరా కాపలా లేకపోతే మధ్యలో ఎంతమంది టెస్టర్లను పెట్టినా లాభం ఉండదు.

టికెట్‌లో అంకెలు ఉండాలి

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. నెయ్యి మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. "నెయ్యి రేటు 5కి మార్చాలి" అని ఒక్క ముక్క రాసి టికెట్ (చెయ్యాల్సిన పని రాసిన చీటీ) ఇస్తే డెవలపర్ అదే చేస్తాడు. 21న వెయ్యి రూపాయల నెయ్యిని పన్నుతో కలిపి 1,120కి కొన్న దుకాణదారు 25న సరుకు వెనక్కి పంపాడనుకోండి. క్రెడిట్ నోట్ (వెనక్కి వచ్చిన సరుకు విలువను బిల్లులోంచి తగ్గించే పత్రం) 1,050కి వస్తుంది, అతనికి 70 రూపాయలు తక్కువ పడతాయి. పాత బిల్లు మీద ఇచ్చే క్రెడిట్ నోట్‌కి ఆ బిల్లులో ఉన్న రేటే వెయ్యాలి. ఆ మాట టికెట్‌లో ఎక్కడా లేదు కాబట్టి కోడ్‌లోకీ రాలేదు.

అందుకని ప్రతి టికెట్‌లో కనీసం మూడు ఉదాహరణలు అంకెలతో రాయండి: మామూలుగా జరిగేది, సరిగ్గా హద్దు మీద జరిగేది, వెనక్కి తిరిగేది. పై టికెట్‌కైతే 30న కొత్త అమ్మకం 1,050. 22న అర్ధరాత్రి దాటగానే వేసిన మొదటి బిల్లు 1,050. 21 నాటి బిల్లు మీద 25న రిటర్న్ 1,120. వ్యాపారులతో మాట్లాడే మనిషి, డెవలపర్, టెస్టర్ పావుగంట కలిసి కూర్చుంటే ఇవి తేలిపోతాయి. తర్వాత ఇవే టెస్టులవుతాయి.

రేట్లను కోడ్‌లో రాయొద్దు. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే సంఖ్య), రేటు, అమల్లోకి వచ్చే తేదీ, ముగిసే తేదీతో ఒక టేబుల్ పెట్టండి. బిల్లు వేసినప్పుడు వాడిన రేటును ఆ బిల్లు వరసలోనే దాచండి.

పైసలు, తేదీలు

డబ్బును ఫ్లోట్‌లో (దశాంశాలను దాదాపు విలువగా దాచే సంఖ్యా రకం) ఉంచితే చాలా భాషల్లో 0.1కి 0.2 కలిపినప్పుడు 0.30000000000000004 వస్తుంది. డేటాబేస్‌లో డెసిమల్ కాలమ్ వాడండి, లేదా అన్నిటినీ పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచండి.

అది సరిచేసినా రౌండింగ్ మిగిలే ఉంటుంది. 10.03 రూపాయల వస్తువు, పన్ను 18 శాతం. విజయవాడ నుంచి ఖమ్మం పంపితే రాష్ట్రం దాటింది కనుక ఐజీఎస్టీ: 1.8054, అంటే 1.81. అదే గుంటూరుకైతే రాష్ట్రం దాటలేదు కనుక పన్ను కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం: సీజీఎస్టీ 0.9027, అంటే 0.90, ఎస్‌జీఎస్టీ ఇంకో 0.90, కలిపితే 1.80. రెండూ సరైన లెక్కలే! ఖమ్మం బిల్లులోనే ఇలాంటి వరసలు మూడుంటే, వరస వరసకీ రౌండ్ చేస్తే పన్ను 5.43, మొత్తం మీద ఒకేసారి చేస్తే 5.42. ఏ పద్ధతి అన్నది అకౌంటెంట్‌ని అడిగి ఖాయం చేసుకుని, ఒకే ఒక్క ఫంక్షన్‌లో రాయండి. స్క్రీన్ ఒకలా, ప్రింటు ఒకలా, రిపోర్టు ఇంకోలా లెక్కేస్తే నెలాఖరున ఏదీ దేనితోనూ కలవదు.

తేదీల దగ్గర మాటువేసి ఉండేది సర్వర్ గడియారం. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకు వేసిన బిల్లు దాని లెక్కలో మార్చి 31 రాత్రి 8:30. బిల్లు పాత ఆర్థిక సంవత్సరం సిరీస్‌లోకి వెళ్ళిపోతుంది. లెక్కలు చేసే ఫంక్షన్ సిస్టమ్ గడియారాన్ని నేరుగా అడగకుండా, తేదీని బయటి నుంచి తీసుకునేలా రాయండి. అప్పుడు మార్చి 31, ఏప్రిల్ 1, ఫిబ్రవరి 29 మూడింటినీ ఏ రోజైనా టెస్టు చేసుకోవచ్చు. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదన్న నిబంధనకీ ఒక టెస్టు ఉండాలి. బ్రాంచి కోడ్, సంవత్సరం, వరస సంఖ్య కలిసేసరికి ఇట్టే దాటిపోతుంది.

రివ్యూ, బగ్గులు

కోడ్ రివ్యూకి (ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చదివి చూడటం) ఒకసారికి రెండు మూడు వందల లైన్లు చాలు. వెయ్యి లైన్లు పంపితే చదివేవాళ్ళు పైపైన చూసి సరేనంటారు. ఖాళీలు, కామాల సంగతి టూల్‌కి వదిలేసి, మనిషి మాత్రం "టికెట్‌లోని మూడు ఉదాహరణలకీ టెస్టులున్నాయా?" అని చూడాలి.

బగ్ వస్తే ముందు దాన్ని పట్టించే టెస్టు రాసి, అది ఫెయిలవడం కళ్ళారా చూశాకే కోడ్ సరిచెయ్యండి. కోడ్ సరిచేశాక రాసిన టెస్టు అసలు ఆ బగ్గును పట్టగలదో లేదో తెలియదు.

రిలీజ్ రోజు

2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా ఏడింటిలోనే పెట్టింది. ఎనిమిదో దాంట్లో ఏళ్ళ తరబడి వాడని పాత కోడ్ మిగిలిపోయింది. పైగా దాన్ని ఆన్, ఆఫ్ చేసే ఫ్లాగ్‌నే కొత్త ఫీచర్‌కి వాడారు. ఆదుర్దాలో, సరిగా ఉన్న ఏడు సర్వర్లలోంచి కొత్త కోడ్ తీసేశారు, దాంతో పరిస్థితి ఇంకా ముదిరింది. సుమారు 45 నిమిషాల్లో నష్టం 44 కోట్ల డాలర్లు దాటింది.

కాబట్టి రిలీజ్, అంటే కొత్త వెర్షన్‌ను సర్వర్లలో పెట్టడం, చేత్తో కాక స్క్రిప్టుతో చెయ్యాలి. అది పూర్తయ్యాక ప్రతి సర్వర్‌నీ వెర్షన్ అడిగి సరిచూడాలి. వాడని కోడ్ తీసెయ్యాలి. పాత ఫ్లాగ్ పేరు మళ్ళీ వాడొద్దు. పాత వెర్షన్‌కి వెనక్కి తిప్పే పనిని ప్రశాంతంగా ఉన్న రోజున ఒకసారి చేసి చూసుకోవాలి.

డేటాబేస్‌లో కాలమ్ మార్చాలంటే ఈ రిలీజ్‌లో కొత్తది చేర్చి నింపండి, పాతది వచ్చే రిలీజ్‌లో తీసెయ్యండి. అప్పుడే వెనక్కి తిప్పినా పాత కోడ్ నడుస్తుంది. కొత్త వెర్షన్ ముందు ఇద్దరు ముగ్గురు కస్టమర్లకే ఇచ్చి, రాత్రి గల్లాపెట్టె లెక్క చూసుకునేదాకా ఒక పూర్తి రోజు నడవనివ్వండి. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్‌టీఆర్-1కి గడువు 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బీకి 20. నెలనెలా రిటర్నులు వేసే కస్టమర్లకి ఈ రెండు తేదీల ముందు మూడు నాలుగు రోజులు కొత్త రిలీజ్ వద్దు.

నెలకోసారి బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో రిస్టోర్ చేసి, బ్యాకప్ తీసిన నాటి బిల్లుల సంఖ్య, మొత్తం అమ్మకం అసలుతో సరిపోల్చండి.

వారానికోసారి మూడు అంకెలు చూస్తే చాలు: కస్టమర్లు పట్టిన బగ్గులెన్ని, అందులో ఇంతకుముందు సరిచేసినవే మళ్ళీ వచ్చినవెన్ని, ఫిర్యాదు నుంచి సరిచేసిన వెర్షన్ చేరేదాకా ఎన్ని గంటలు పట్టింది. మనిషికి ఇన్ని బగ్గులని మాత్రం లెక్కపెట్టకండి. అలా మొదలుపెడితే వాళ్ళు బగ్గులు టికెట్లలో రాయడం మానేసి, ఫోన్లలోనే సర్దేసుకుంటారు. రెండో అంకె సున్నా కాకపోతే ఆ పాత టికెట్ తెరిచి, దానికి టెస్టు ఉందో లేదో చూడండి.