విండోస్ కంప్యూటర్‌లో తేదీతో పాటు వారం కూడా కనిపించాలంటే

విండోస్ కంప్యూటర్‌లో తెర అడుగున కుడి మూల, సమయం కిందనే తేదీ ఉంటుంది. అయితే 03-04 అని కనిపిస్తే అది ఏప్రిల్ 3వ తేదీయో, అమెరికా పద్ధతిలో మార్చి 4వ తేదీయో చూడగానే తెలియాలి. దరఖాస్తుల గడువులు, బిల్లుల చెల్లింపులు కంప్యూటర్ ముందే చూసుకునేవారికి తేదీ పక్కన వారం కూడా ఉండడం ఎంతో అవసరమని నా అభిప్రాయం.

తేదీ అసలే కనిపించకపోతే, విండోస్ 10లో టాస్క్‌బార్ (తెర అడుగున ఉండే పట్టీ) సెట్టింగ్స్ తెరిచి చిన్న బటన్ల ఎంపికను ఆపివేయాలి. అది ఆన్‌లో ఉన్నప్పుడు టాస్క్‌బార్ సన్నబడి సమయానికి మాత్రమే చోటు మిగులుతుంది. విండోస్ 11లోనైతే సెట్టింగ్స్‌లోని టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో డేట్ అండ్ టైమ్ తెరిచి, సిస్టమ్ ట్రేలో, అంటే ఆ పట్టీ కుడి చివరన, సమయం, తేదీ చూపే ఎంపికను ఆన్ చేయాలి.

ఇక వారం సంగతి. కంట్రోల్ ప్యానెల్‌లో క్లాక్ అండ్ రీజియన్, అందులో రీజియన్ తెరిచి, అడిషనల్ సెట్టింగ్స్ నొక్కి, డేట్ అనే భాగానికి వెళ్లాలి. అక్కడ షార్ట్ డేట్ గడిలో ఇంగ్లీషు చిన్న 'డి' మూడుసార్లు, ఒక ఖాళీ, మళ్లీ చిన్న 'డి' రెండుసార్లు, అడ్డగీత, పెద్ద 'ఎం' రెండుసార్లు, అడ్డగీత, చిన్న 'వై' నాలుగుసార్లు టైప్ చేసి అప్లై నొక్కాలి. 'ఎం' తప్పనిసరిగా పెద్దదే కావాలి, ఎందుకంటే విండోస్‌లో చిన్న 'ఎం' నిమిషాలకు గుర్తు. మొదటి 'డి'ని నాలుగుసార్లు కొడితే వారం పేరు పూర్తిగా వస్తుంది. సోమ, మంగళ అని తెలుగులోనే చూడాలనుకునేవారు రీజియన్‌లోని ఫార్మాట్‌ను ముందుగా తెలుగుకు మార్చుకోవాలి. తర్వాత మార్చితే టైప్ చేసిన అమరిక పోతుంది.

ఒక జాగ్రత్త చెప్పడం నా బాధ్యత. ఎక్సెల్ వంటి ప్రోగ్రాములు కూడా ఈ అమరికనే అనుసరిస్తాయి, కొన్ని పాత ప్రోగ్రాములైతే వారం పేరు చేరిన తేదీని సరిగా చదవలేవు. కాబట్టి ఆఫీసు లెక్కలు రాసే కంప్యూటర్‌లో మార్చేముందు పాత అమరికను కాగితంపై రాసి పెట్టుకోవాలి.

తెర మధ్యలో పెద్ద అక్షరాలతో తేదీ కావాలనుకునేవారికి రెయిన్‌మీటర్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. విండోస్ 7 నాటి గ్యాడ్జెట్ల (తెరపై ఉంచుకునే చిన్న ప్రోగ్రాముల) జోలికి మాత్రం పోవద్దు. భద్రతా లోపాల వల్ల వాటిని ఆపివేయమని 2012లో మైక్రోసాఫ్టే సూచించింది.

ఇంత చేసినా, కరెంటు తీసి మళ్లీ ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాత సంవత్సరానికి పోతుంటే లోపం సెట్టింగ్స్‌లో లేదు. కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ పలక అయిన మదర్‌బోర్డుపై ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది; డెస్క్‌టాప్‌లలో అది సాధారణంగా సీఆర్2032 రకం.