చలికాలం సలాడ్ ఆకులు, మన డాబా మీద విత్తనం నుంచి

సలాడ్‌లో పచ్చిగా తినే లెట్యూస్ ఆకు విత్తనాల పేకెట్ వెనక చూస్తే మంచు పడే రోజులు పోయాక వసంతంలో వెయ్యండి అని రాసుంటాది, అది ఎక్కడో మంచు కురిసే దేశాలోళ్ళ కోసం రాసింది. మనోళ్ళు దాన్ని నమ్మి ఫిబ్రవరిలో వేస్తారు, మార్చి చివరికొచ్చేసరికి మొక్క పొడుగ్గా లేచిపోయి ఆకు చేదెక్కిపోతాది, ఇది మనకి రాదులే అని కుండీ బోర్లించేస్తారు. చలిని తట్టుకునే ఆకులకి చలితో పేచీ లేదు, ఎండతోనే. మన విజయనగరం, శ్రీకాకుళంలో నీళ్ళు గడ్డకట్టే చలి ఎలాగూ రాదు కాబట్టి మనం కాపాడాల్సింది వేడి నుంచి, అదీ మొలకెత్తేటప్పుడు మరీను.

నేను మొదటి ఏడు, దసరా వెనకాలే వచ్చే మా విజయనగరం సిరిమాను పండగయిన వారమే వేసేసాను. ఒక్కటీ మొలవలేదు. పేకెట్ ఇచ్చిన షాపాయన్ని తిట్టుకున్నాను గానీ తప్పు నాదే, లెట్యూస్ విత్తనం 15 నుంచి 20 డిగ్రీల్లో హాయిగా మొలుస్తాది, 30 దగ్గరికొస్తే చాలా రకాలు నిద్రపోతాయి. పైగా అక్టోబరంటే మనకి తుపానుల నెల కదా, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11, రెండూ ఈ రోజుల్లోనే కొట్టాయి. అంత పెద్దవి రాకపోయినా ఒక్క జడివాన చాలు, లేత మొలకలు మొదలు దగ్గర కుళ్ళి వాలిపోతాయి. అందుకని ఇప్పుడు నాగులచవితికి పుట్టలో పాలు పోసొచ్చాకే పేకెట్ విప్పుతాను, అక్కణ్ణుంచి డిసెంబర్ సగం దాకా రెండు వారాలకోసారి కొంచెం కొంచెం వేస్తాను, అన్నీ ఒకేసారి వేస్తే అన్నీ ఒకేసారి కోతకొచ్చి వీధంతా పంచాలి.

మట్టి పెద్ద విషయం కాదు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల గెత్తం, కొబ్బరిపొట్టు సమానంగా కలిపితే చాలు, కుండీ జానెడు లోతుంటే సరిపోతాది, అడుగున కన్నాలుండాలి.

అసలు కిటుకు ఫ్రిజ్‌లో ఉంది. టిష్యూ పేపర్ తడిపి పిండి, విత్తనాలు చల్లి మడిచి, మూతున్న చిన్న డబ్బాలో పెట్టి కూరగాయల అరలో మూడు నాలుగు రోజులు ఉంచండి. తర్వాత బయటికి తీసి ఇంట్లో చల్లగా ఉండే మూల పెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి ముక్కు బయటపెడతాయి, అప్పుడు కుండీలో వెయ్యాలి. లోతుగా పాతెయ్యకండి, ఇంత చిన్న విత్తనం లోతు నుంచి పైకి రాలేదు, పైన కొబ్బరిపొట్టు నలిపి పల్చగా దులిపితే చాలు. నీళ్ళు మగ్గుతో పొయ్యొద్దు, బాటిల్ మూతకి సూదితో కన్నాలు పెట్టి చిలకరించండి.

చీమలు జాగ్రత్త. రెండో ఏడు ముక్కు రాకుండానే నేరుగా చల్లేసి టీ తాగి వచ్చేసరికి, చీమలు ఒక్కో విత్తనాన్ని ఎత్తుకుని పిట్టగోడ కంతవైపు లైను కట్టి పోతన్నాయి, విరిచిన జీలకర్రలా ఉంటాయి కదా, వరసంతా కదులుతుంటే ముందు ఏటో అర్థం కాలేదు. ఇప్పుడు కుండీని ఇటుక మీద పెట్టి, ఆ ఇటుకని నీళ్ళ పళ్ళెంలో పెడతాను, గోడ దగ్గర గుప్పెడు నూక కూడా పోస్తాను, వాటి వాటా వాటికి.

మొలిచాక పొద్దుటెండ నాలుగైదు గంటలు చాలు, మధ్యాహ్నం కొబ్బరిమట్ట అడ్డం పెట్టండి. రెండేసి ఆకులొచ్చాక జానెడుకొక మొక్క ఉంచి మిగతావి పీకెయ్యండి, పీకినవి పారెయ్యకుండా కడిగి తినెయ్యొచ్చు. క్యాబేజీలా గడ్డ కట్టే రకం మన దగ్గర సరిగా రాదు, విడి ఆకుల రకమే కొనండి. నెల దాటాక పై ఆకులు మాత్రం కోస్తూ పోతే లోపలి నుంచి కొత్తవి వస్తాయి, పొద్దున్నే కోస్తేనే కరకరలాడతాయి. పేనుబంక వస్తే మందు జోలికెళ్ళకండి, పచ్చిగా తినే ఆకు, నీళ్ళు గట్టిగా కొట్టి కడిగెయ్యండి.

మన పాలకూర, ఆ దేశాలోళ్ళు చెప్పే స్పినాచ్ ఒకటి కాదు, మనది బీట్‌రూట్ చుట్టం, అందుకే ఎండకి ఓర్చుకుంటాది. ఆవాకు, ముల్లంగాకు, మెంతాకు కూడా లేతగా కోసి కలిపితే ఘాటుగా బావుంటాది. మొదటిసారి నిమ్మకాయ పిండి, వేరుశెనగపప్పు గుండ చల్లి మా అప్పకి పెడితే, "ఏటే, ఆవుకెయ్యాల్సింది నాకు పెడతన్నావేటి" అంది, మళ్ళీ వారం ఆవిడే డబ్బా పట్టుకుని వచ్చింది.

అరసవల్లి రథసప్తమి దాటిందంటే ఎండ ముదురుతాది, నడిమి కాడ లేచి, తుంచితే పాలు కారతాయి, ఇంక ఆకు చేదే. బలంగా ఉన్నది ఒక్కటి ఉంచండి, చిన్న పసుపు పూలు పూసి, దూదిలాంటి కుచ్చులు వస్తాయి. లెట్యూస్ తనలో తనే పరాగం పడే మొక్క, కాబట్టి విత్తనం చాలావరకు తల్లి రకమే. కుచ్చులు ఎండగానే కాగితం సంచిలో దులిపి, నీడన ఆరబెట్టి, గాలి పోని సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, మన సముద్రపు తేమకి బయట ఉంచితే వచ్చే నాగులచవితికి సగం కూడా మొలవవు.