అన్నవాహికలో ముద్ద గానీ వస్తువు గానీ ఇరుక్కుంటే ఏం చేయాలి

ముందుగా అడ్డుపడింది ఊపిరి దారిలోనా, అన్నవాహికలోనా అన్నది చూడాలి. మనిషి మాట్లాడలేక, దగ్గలేక, ఊపిరాడక గిలగిలలాడుతుంటే అది శ్వాసనాళమే. అంబులెన్సుకు ఫోన్ చేయిస్తూనే, మనిషిని ముందుకు వంచి, మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో రెండు భుజాల నడుమ ఐదుసార్లు గట్టిగా చరచాలి. ఫలితం లేకపోతే వెనుక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఏడాది నిండని బిడ్డకు మాత్రం పొట్ట నొక్కకూడదు. ఛాతీ మధ్యలోనే నొక్కాలి.

మాట, శ్వాస బాగానే ఉండి, గొంతు కింద గానీ రొమ్ము ఎముక వెనుక గానీ ఏదో పట్టేసినట్టుంటే అది అన్నవాహిక కావచ్చు. అప్పుడు గమనించవలసింది ఉమ్మి. దాన్ని కూడా మింగలేక నోటి నుంచి చొంగ కారుతోందంటే దారి పూర్తిగా మూసుకుపోయినట్టే, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఉమ్మి దిగుతున్నా, ఇరుక్కున్నది 24 గంటలకు మించి అక్కడ ఉండకూడదు.

ఇంకో పెద్ద ముద్ద మింగి దాన్ని కిందికి తోసేద్దామని చాలామందికి అనిపిస్తుంది, దయచేసి ఆ పని చేయకండి. ముల్లో ఎముక ముక్కో అయితే అన్నవాహిక గోడలోకి మరింత దిగుతుంది, ముద్దయితే అడ్డు ఇంకా బిగుసుకుంటుంది. వేలు పెట్టి వాంతి చేయించడం, మాంసాన్ని మెత్తబరిచే పొడులు మింగించడం కూడా ప్రమాదమే.

అన్నిటికన్నా భయపడవలసింది పిల్లలు మింగే బటన్ బ్యాటరీకి, అంటే గడియారాల్లో, బొమ్మల్లో ఉండే బొత్తాం లాంటి చిన్న బ్యాటరీకి. అది పగలకపోయినా, తడి గోడకు ఆనగానే విద్యుత్తు ప్రవహించి, అక్కడ పుట్టే క్షారం రెండు గంటల్లోనే కణజాలాన్ని కాల్చేయగలదు. ఎక్స్-రేలో నాణెంలా కనిపించినా బ్యాటరీ అంచు రెండు వలయాలుగా ఉంటుంది. మింగి 12 గంటలు దాటకుండా ఉండి, బిడ్డకు ఏడాది నిండి, మింగగలుగుతుంటే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తూ దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె, ఆరుసార్లకు మించకుండా ఇవ్వవచ్చు. దానికోసం ప్రయాణం ఆపకూడదు. ఒకటికి మించి అయస్కాంతాలు మింగినా, మొనదేలిన వస్తువు మింగినా ఇంతే తొందర అవసరం.

ఆసుపత్రిలో సాధారణంగా ఎండోస్కోపీతో, అంటే నోటి గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి, తీసేస్తారు. తర్వాత ఛాతీ నొప్పి, జ్వరం, మెడ వాపు కనిపిస్తే గోడకు చిల్లు పడిందేమోనని వెంటనే చూపించాలి. పెద్దవారిలో ముద్ద పదేపదే ఇరుక్కుంటుంటే లోపల దారి సన్నబడటమో, ఇయోసినోఫిలిక్ వాపో (అలర్జీ తరహాలో అన్నవాహిక గోడకు వచ్చే వాపు) ఉండవచ్చు కనుక, ముద్ద దానంతటదే దిగిపోయినా కారణం తేల్చే పరీక్షలు చేయించుకోవాలి.